పాంకు గురువులు ఉట్టెక్కిన వైనం

గురువులు పేరు ముందు ‘పాంకు’ అనే మాట ఎవరు తగిలించారో ఎవరికీ తెలియదు. తగిలించినవాడు ఎవడో గాని గట్టిగానే తగిలించాడు. భవానీపూర్ సందుల్లోనైనా, కార్పొరేషను కూలీల బస్తీలోనైనా, ఖిదిర్‌పూర్‌లో ఓడలాగే డాకుల పక్కన ఉన్న తెలుగు వీధిలోనైనా ఒట్టి గురువులు అంటే ‘ఏ గురువులు?’ అని అడిగేవారు. పాంకు గురువులు అనగానే పసిపిల్లలు కూడా వేలు పెట్టి చూపించేవారు. చూపించి, ఆ వేలు లాగూకి తుడుచుకునేవారు. కలకత్తాలో మన తెలుగువాళ్లకి పేరు రావడం అంత తేలిక కాదు. ఇతనికి వచ్చింది.

పాంకు బెంగాలీ మాట. కాలవ అడుగున నల్లగా, మెత్తగా పేరుకునే పదార్థం పేరది. గుప్పిట పడితే వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. పోయిందిలే అనుకుంటే వేళ్లని పట్టుకుని వదలదు. ఒకే వస్తువు జారడమూ అంటుకోవడమూ రెండూ ఎలా చేస్తుందో దేవుడికే తెలియాలి. గురువులు ఉద్యోగం దాన్ని ఎత్తడం. నాగావళి ఒడ్డునుంచి మేనమామ వెంట మెయిలెక్కి హౌరాలో దిగిన నాటినుంచి అదే పని. రోడ్డు పక్క గుంటలోకి దిగి, నడుంలోతు నిలబడి, బకెట్టు నింపి తాడుకి తగిలిస్తే పైన ఉన్న మల్లేశు లాగేవాడు. ఆ రోజుల్లో భవానీపూర్‌లో పాతాళ రైలు కోసం నడివీధిని నిలువునా తవ్వేశారు. వాన కురిసిందంటే ఆ గోతుల మట్టంతా వచ్చి కాలవల్లోనే పడేది. గురువులుకి పనికి మాత్రం ఏనాడూ కరువు రాలేదు.

ఇలాంటి పని చేసేవాడు ముఖం చిట్లించుకుని ఉంటాడని మీరనుకుంటారు. అక్కడే పొరబడ్డారు. గురువులు గుంటలో దిగాక నవ్వు మొదలెట్టేవాడు. మల్లేశుకి బురదంటే బురదే. గురువులుకి అలా తేల్చేస్తే ఒళ్లు మండేది.

“ఒరే మల్లేశూ, అన్నానికీ గంజికీ ఒకే పేరెట్టి పిలుస్తావేటిరా? మరి ఇదేటి పాపం సేసింది?” అనేవాడు కిందనుంచి.

అతని లెక్కలో నీళ్ల మీద పచ్చగా తేలేది పాచి. మిఠాయి కొట్ల వెనక నూనే పాకమూ కలిసి మెరిసేది జిడ్డు. చేపల బజారు వెనక చేత్తో ఎత్తితే తీగలు సాగేది జిగురు. గంగ పోటుకి కొట్టుకొచ్చి, నీరు తీశాక వెన్నలా మిగిలేది ఒండ్రు. అడుగు పెడితే మోకాలి దాకా మింగేది రొంపి. ఇవన్నీ కలిసి, కుళ్లి, ఊరగాయలా ఊరితే అప్పుడది పాంకు. ఏ బకెట్టులో ఏది వస్తోందో పేరు చెప్పి మరీ పైకి పంపేవాడు. పెళ్లి పందిట్లో వడ్డించేవాడు కూడా అంత ముచ్చటగా పేర్లు చెప్పడు.

జిగురు, జిడ్డు, జిగట. అన్నీ ‘జి’తోనే మొదలవుతాయి, గమనించారా? ఒకసారి పైకి అని చూడండి. నాలుక వెళ్లి పైన అంటుకుంటుంది. ఈ మాటలు పుట్టించింది పండితులు కారు. ఏ తల్లో బెండకాయలు తరుగుతూ ‘ఛీ’ అనబోయి, వేళ్లు అంటుకుపోయి ‘జి’ అని ఉంటుందని నా అనుమానం. రుజువు అడక్కండి, నా దగ్గర లేదు. మళ్లీ అదే మాట మనిషి మీద వేస్తే తిట్టు అవుతుంది. పిలవకపోయినా వచ్చి, పొమ్మన్నా పోనివాణ్ణి జిడ్డుగాడంటాం. ఆ తిట్టు గురువులుకి ఎవరు వేశారో ముందు ముందు చెబుతాను.

పాంకు పుట్టుక సంగతి మాత్రం రుజువుతో సహా దొరికింది. సోమయాజులుగారని రైలు ఆఫీసులో గుమాస్తా ఒకాయన ఉండేవారు. వ్రతాలకీ పండగలకీ మన వీధులన్నింటికీ ఆయనే పురోహితుడు. ఒకనాడు గుంట పక్కనుంచి పంచె ఎత్తిపట్టుకుని పోతూ, గురువులు పలకరిస్తే ఆగి, “నీ పాంకు మన పంకమేరా. సంస్కృతం. పంకంలో పుట్టింది గనకే తామరపువ్వు పంకజం అయింది. లక్ష్మీదేవి కూర్చునేది దానిమీదే” అని చెప్పి వెళ్లిపోయారు. అంతే. ఆ వారమంతా గురువులు కాలు నేల మీద నిలవలేదు. తను రోజూ బకెట్లతో ఎత్తేది లక్ష్మీదేవి పీట కింది సామానని కనబడిన వాళ్లందరికీ చెప్పాడు. వినేవాళ్లు ముక్కు మూసుకునే విన్నారు గాని, విన్నారు.

అతను ఆ మాట ముఖ్యంగా చెప్పాలనుకున్నది రామమ్మకి.

రామమ్మ భవానీపూర్ చేపల బజారులో కత్తిపీట ముందేసుకుని కూర్చునేది. కొన్నవాళ్ల చేపలు కోసి, కడిగి ఇవ్వడం ఆమె పని. ఖిదిర్‌పూర్‌నుంచి పొద్దున్నే ట్రామెక్కి వచ్చేది. పక్కన ఎప్పుడూ బూడిద బుట్ట ఒకటి. మన సముద్రం చేపలకి అంత జిగురుండదు గాని, ఈ బెంగాలు చెరువుల చేపలున్నాయే, వాటిని పట్టుకోవడం పొగని పట్టుకోవడమే. బూడిద రాస్తే గాని లొంగవు.

వాళ్లిద్దరి పరిచయం కూడా జిగురుతోనే మొదలైంది. బజారు వెనక కాలవ మూసుకుపోతే గురువులుని పంపారు. అతను మూత తీసి దిగబోతుంటే రామమ్మ చేతిలోని మాగుర్ చేప ఎగిరి సరిగ్గా అతని ముందు పడింది. గురువులు రెండు చేతులా దొరకబుచ్చుకున్నాడు. సబ్బులా జారి ఎగిరింది. మళ్లీ పట్టాడు. చంకలోకి దూరింది. చొక్కాలోంచి కిందికి వచ్చింది. అరటిపళ్ల బండి కింద దాన్ని పట్టేసరికి బండీ పడింది, అతనూ పడ్డాడు, చేప మాత్రం కాలవలోకి దిగి హాయిగా వెళ్లిపోయింది. బజారు బజారంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

రామమ్మ నవ్వుతూనే చెప్పింది. “గట్టిగా నొక్కితే ఎలగ దొరుకుద్ది బావూ? ఎంత నొక్కితే అంత జారిపోద్ది. సేతికి బూడిద రాసుకుని, మెల్లగా, ఒగ్గకుండా పట్టుకోవాల.”

గురువులుకి ఆ మాట చేప గురించి చెప్పినట్టు అనిపించలేదు. ఆనాటినుంచి ఆ కాలవ మూసుకుపోయినా మూసుకుపోకపోయినా వచ్చి చూసుకునేవాడు. కలకత్తా మొత్తం మీద అంత శుభ్రమైన కాలవ ఇంకోటి లేదని అప్పట్లో చెప్పుకునేవారు. లక్ష్మీదేవి, పంకజం సంగతి చెప్పిన రోజున రామమ్మ కత్తిపీట ఆపి, “అయితే నాను మాలచ్చిమినేటి?” అంది. గురువులు తల ఊపాడు, చాలాసేపు ఊపాడు.

పిల్లకి ఇష్టమే. చిక్కల్లా పిల్ల తండ్రితో వచ్చింది. గోవిందరాజు డాకులో క్రేను డ్రైవరు, తెలుగు వీధికి పెద్ద. ఓడలకన్నా ఎత్తున కూర్చుని, జనాన్ని చీమల్లా చూసి చూసి, నేల మీదకి దిగాక కూడా ఆ చూపు మార్చుకోలేకపోయాడు. డాకుల్లో పనిచేసే మనవాళ్లకి కాలవల్లో పనిచేసే మనవాళ్లంటే మొదటినుంచీ చిన్నచూపే. ఇద్దరూ ఒకే జిల్లానుంచి ఒకే రైలెక్కి వచ్చారన్న సంగతి అప్పుడు గుర్తుండదు. ఈ అతిశయం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, కాని ఇది నా కథ కాదు.

గురువులు తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మల్లేశుని తోడు తీసుకుని పిల్లనడగడానికి వెళ్లాడు. వెళ్లగానే “మావా, బాగున్నావా?” అన్నాడు.

“మావా గీవా అంటే పళ్లూడిపోతాయి” అన్నాడు గోవిందరాజు. “పాంకోడివి. నా గుమ్మం కడుక్కోవాల ఇప్పుడు.”

గురువులు మర్నాడు మళ్లీ వెళ్లాడు. ఆ పై ఆదివారమూ వెళ్లాడు. ఒకసారి కాలవ చూడాలని, ఒకసారి దారి తప్పానని, ఒకసారి ఏ కారణమూ దొరక్క ఊరికేనే. ప్రతిసారీ “మావా” అనే పిలిచాడు. “జిడ్డుగాడా!” అని గోవిందరాజు తిట్టింది అప్పుడే. చివరికి వీధిలో నలుగురూ చూస్తుండగా అరిచాడు.

“ఎప్పుడూ కిందికి దిగేవోడివి, నీకు నా పిల్ల కావాలేటి? ఒకసారి పైకెక్కి సూపించు. ఈ అట్టమికి మా వీధిలో ఉట్టి దించు. దించితే పిల్లనిత్తాను, సింహాద్రప్పన్న మీద ఒట్టు. దించకపోతే మళ్లీ ఈ ఛాయలకి రాకు. మాఘంలో పట్టాభికిచ్చి సేసెత్తాను.”

పట్టాభి అంటే డాకులోనే పనిచేసే కుర్రాడు. కోతిలాగా తాళ్లెక్కి దిగేవాడు. చెడ్డవాడేమీ కాదు. చెడ్డవాడైతే కథ చెప్పడం నాకింకా సులువయ్యేది. గోవిందరాజుకి అతని మీద మనసుంది. రామమ్మకి లేదు. ఆ ఏడు ఉట్టి ఎవరు దించుతారన్న దానిమీదే ఆమె కాపురం ఏ ఇంట్లో అన్నది ఆధారపడింది.

ఖిదిర్‌పూర్ తెలుగు వీధిలో కృష్ణాష్టమికి ఉట్టి సంబరం ఎలా ఉంటుందంటే, డాకునుంచి తెచ్చిన పాత ఓడ కొయ్య ఒకటి నిలువునా పాతుతారు. చిటారున కుండలో పెరుగు, కొబ్బరికాయ, కొత్త పంచె. కొయ్యకి పైనుంచి కిందిదాకా జారుడు పూస్తారు. ఆ జారుడు ఇంటింటినుంచీ రావాలి, అది ఆచారం. ఒకరు బచ్చలాకు నలిపి తెస్తారు, ఒకరు బెండకాయలు ఉడికించిన నీళ్లు, ఒకరు నానేసిన అవిసె గింజలు, మిగతావాళ్లు ఆముదం. అన్నీ గంగాళంలో పోసి కలుపుతారు. ఎక్కేవాళ్ల మీద ఆడవాళ్లు చుట్టూ చేరి కుండలతో నీళ్లు కొడతారు. మొదటి కుండ పెద్ద ఇంటి ఆడపిల్లది. వంతులవారీగా వీధి కుర్రాళ్లు ముందు, పై వీధివాళ్లు ఆఖర్న.

ఆ ఏడు గోవిందరాజు ఒక పని చేశాడు. కాలవలో జారుడు తొక్కి తొక్కి ఆరితేరినవాడు వస్తున్నాడు గదా, మామూలు జారుడు చాలదనుకున్నాడు.

“మా తాత నాగావళి ఒండ్రు కలిపేవోడు. కోతులు కూడా ఎక్కలేకపోయేయి” అని, డాకు అడుగున పూడిక తవ్వే పడవనుంచి హుగ్లీ ఒండ్రు, అంటే అక్కడి గంగ ఒండ్రు, తట్టలతో తెప్పించి గంగాళంలో పోయించాడు.

ఒండ్రంటే ఒండ్రే అనుకున్నాడు పాపం, మల్లేశులాగే! నాగావళి ఒండ్రులో సన్నని ఇసక ఉంటుంది. ఎంతసేపున్నా జారుతుంది. హుగ్లీ ఒండ్రు అలా కాదు. బెంగాలీలు దుర్గమ్మ బొమ్మలు చేసేది ఆ మట్టితోనే. తడిగా ఉన్నంతసేపు పాములా జారుతుంది, ఎండిందంటే గోడలా బిగుస్తుంది. పక్కింటి ఏ బెంగాలీ దాదాని అడిగినా చెప్పేవాడు. మన గోవిందరాజు ఎవర్నీ అడిగే రకం కాదు.

పొద్దున్నే కొయ్యకి పూత పూశారు. మధ్యాహ్నానికల్లా పూజ అయిపోవాలి. హౌరానుంచి రావలసిన సోమయాజులుగారు వేళకి రాలేదు. ఊళ్లో పెద్ద ఊరేగింపు. ఎర్రజెండాలు పట్టుకుని జనం రోడ్డు పొడవునా పోతుంటే హౌరానుంచి వచ్చే బస్సులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. భాద్రపదం దగ్గరపడుతున్నా ఆ రోజు ఆకాశంలో మబ్బు ముక్క లేదు. ఎండ కొయ్య మీద పడి కాసింది. మట్టి బచ్చలి జిగురంతా పీల్చేసింది. ఆముదం తాగేసింది. సోమయాజులుగారు చెమటలు కక్కుతూ వచ్చి మంత్రాలు ముగించేసరికి కొయ్య బూడిద రంగుకి తిరిగి, పగుళ్లు దేరి, ఎలుగుబంటి కూడా ఎక్కగలిగేంత గరుగ్గా తయారైంది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆ రోజుల కలకత్తాలో కరెంటు పోవడం వింతేమీ కాదు. పంపు ఆగింది, కుళాయిలు గుర్రుమని గాలి వదిలాయి. చేతిపంపు అంతకు ముందు వారమే విరిగింది. ఆడవాళ్ల కుండలన్నీ ఖాళీ.

“ఎక్కండ్రా!” అన్నాడు గోవిందరాజు, కొయ్య వంక చూడకుండానే.

మొదటి వంతు పట్టాభిది. పంచె బిగించి కొయ్యని కౌగిలించుకున్నాడు. జారలేదు. ఆశ్చర్యపోయాడు. ఇంకో పట్టు పట్టాడు. జారలేదు. పగుళ్లలో వేళ్లు పెట్టుకుంటూ మెట్లెక్కినట్టు ఎక్కసాగాడు. జనం మొదట కేకలేశారు, తరవాత గొణిగారు. ఇదేం సంబరం, నిచ్చెనెక్కినట్టు!

గురువులు గుండె జారి నేల మీద పడింది. రామమ్మ ఖాళీ కుండ పట్టుకుని, ముఖంలో నెత్తురు చుక్క లేకుండా అతని వంకే చూస్తోంది. పట్టాభి సగం దాటాడు.

“నీళ్లేవిరా? నీళ్లు నేకుండా ఉట్టేటి?” అని ఎవరో అరిచారు.

నీళ్లు అన్న మాట వినగానే గురువులు చెయ్యి దానంతట అదే మొలలోకి పోయింది. మీకు ముందే చెప్పవలసింది. కాలవ పనితో పాటు గంగనీళ్ల కొళాయిలు తిప్పడం కూడా అతనికి అప్పగించారు. కలకత్తా రోడ్ల వారన ఇనప మూతల కింద ఉండే కొళాయిలవి. చాబీ పెట్టి తిప్పితే హుగ్లీ నీరు మట్టిరంగులో బుసబుసమని పైకి వచ్చి వీధి కడిగిపోతుంది. వాటికీ వీధి కరెంటుకీ పేచీ లేదు. ఆ ఇనప చాబీని గురువులు పండగనాడు కూడా మొలలోంచి తీసేవాడు కాదు. పెళ్లి కూడా దానితోనే చేసుకుంటావేటిరా అని మల్లేశు ఏడిపించేవాడు.

వీధి మొగలోని మూత దగ్గరికి గురువులు ఒక్క పరుగు తీశాడు. డ్యూటీ కాని వేళ కొళాయి తిప్పితే పైవాళ్లు చీవాట్లు పెడతారని తెలుసు. కొయ్య తడిస్తే తన వంతు కూడా నాశనమేనని తెలుసు. రెండూ తెలిసే తిప్పాడు. గంగ ఎగిరింది. “పట్టండమ్మా!” అన్నాడు. ఆడవాళ్లు కేరింతలు కొడుతూ కుండలతో విరుచుకుపడ్డారు.

మొదటి కుండ పడగానే కొయ్య రంగు మారింది. రెండో విడతకి ఒండ్రు మేలుకుంది. పట్టాభి చెయ్యి ఉట్టికి జానెడు దూరంలో ఉంది. అలా చాచిన చెయ్యి చాచినట్టే ఉండగా, కొయ్యని కౌగిలించుకున్నవాడు కౌగిలించుకున్నట్టే, నిదానంగా, గౌరవంగా, దేవుడి రథం దిగినట్టు కిందికి వచ్చి సోమయాజులుగారి ఒళ్లో కూర్చున్నాడు. వీధి గొల్లుమంది. సోమయాజులుగారి పట్టుపంచె పంకజం పుట్టడానికి అన్ని విధాలా సిద్ధమైంది.

ఇక చూడండి నవ్వులు! ఒకడు కొయ్య పట్టుకోగానే వెల్లకిలా పడ్డాడు. ఇంకొకడు వాడి మీద పడ్డాడు. ముగ్గురు కలిసి భుజాలెక్కితే ముగ్గురూ మూడు దిక్కులకి పోయారు. ముక్కులో ఒండ్రు, చెవుల్లో బచ్చలాకు. ఎవడు ఎవడో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. వీధి కుర్రాళ్ల వంతులన్నీ అయిపోయాయి.

“పాంకు గురువులు!” అన్నాడు గోవిందరాజు, మీసం మెలేస్తూ. ఒండ్రు పని చేసినందుకు అతని ముఖం వెలిగిపోతోంది.

గురువులు చొక్కా విప్పి మల్లేశు చేతికిచ్చాడు, చాబీ కూడా ఇచ్చాడు. కొయ్యకి దణ్ణం పెట్టి ఎక్కాడు. నడుమెత్తు దాకా వెళ్లి జారాడు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ జారాడు. కింద పడిన ప్రతిసారీ నవ్వుతూ లేచాడు గాని, ఆ నవ్వు పెదాల మీదే ఉంది. ఊపిరి ఉన్నన్నిసార్లు ప్రయత్నించవచ్చు, కొయ్య దగ్గర్నుంచి అడుగు పక్కకి వేస్తేనే వంతు పోయినట్టు. అతను వెయ్యలేదు. కళ్లముందు మాత్రం మాఘమాసంలో పట్టాభి పెళ్లి కనిపిస్తోంది.

అప్పుడు రామమ్మ కొళాయి దగ్గర నింపిన కుండతో ఇంట్లోకి వెళ్లి వచ్చింది. అందరూ నింపిన కుండ నింపినట్టే తెచ్చి కొడుతుంటే ఈమె ఇంట్లోకెందుకు వెళ్లిందో ఎవరూ ఆలోచించలేదు. వచ్చి, కొంగు బిగించి, గురువులు మీద ధడేలున కొట్టింది.

“అద్దీ! అలగ కొట్టు!” అన్నాడు గోవిందరాజు, పొంగిపోతూ. “సూసినారా నా గుంట? ఈ జిడ్డుగాణ్ణి కడిగెయ్యి!”

రామమ్మ తండ్రి మాట జవదాటలేదు. ఇంట్లోకీ బయటికీ తిరుగుతూ కొడుతూనే ఉంది. కుండ కుండకీ గోవిందరాజు చప్పట్లు కొట్టాడు. గురువులుకి కళ్లు మూసుకుపోయాయి. నోట్లోకి నీళ్లు పోయాయి. ఉమ్మబోయి ఆగిపోయాడు. ఆ రుచి తనకి తెలుసు. భవానీపూర్ బజారులో ఆమె కత్తిపీట దగ్గర నిలబడినప్పుడల్లా గాలికి లేచి నాలుక మీద వాలే రుచి. బూడిద!

గురువులు కళ్లు తెరిచి చూశాడు. కొయ్య మీద తెల్లగా నురగ లేచింది. ఆముదమూ బూడిదా కలిసి సబ్బయి, ఒండ్రునీ బచ్చలినీ వెంటబెట్టుకుని బొటబొటా కిందికి దిగిపోతోంది. చేపని తోమినట్టు కొయ్యని తోమేసింది పిల్ల, వీధి వీధంతా చూస్తుండగా, తండ్రి చేత చప్పట్లు కొట్టించుకుని మరీ. గురువులుకి నవ్వాగలేదు. గట్టిగా నొక్కవద్దన్న మాట గుర్తొచ్చింది. వేళ్లు సడలించి, తొడలతో మెల్లగా, వదలకుండా పట్టుకున్నాడు. నిలిచింది. ఇంకో పట్టు. నిలిచింది. నవ్వుతూ, నురగ కక్కుతూ, దగ్గుతూ, మళ్లీ నవ్వుతూ ఎక్కిపోయాడు. కిందనుంచి మల్లేశు “దాదా, పాంకు దాదా!” అని గంతులేశాడు. చిటారున గురువులు కొబ్బరికాయ తీసి కుండకి ఒక్కటిచ్చుకున్నాడు. పెరుగు తల మీదా కొయ్య మీదా జనం మీదా పడింది.

వీధి ఊగిపోయింది. ఆ గోలలో పట్టాభి స్నేహితుడొకడు ముందుకొచ్చాడు.

“ఇదేటో మోసముంది. మాకు రాని నురగ ఈడికెలగ వొచ్చింది? నీళ్లలో ఏటో కలిపినారు. సూడండి గోవిందరాజుగారూ!”

గోల చప్పున ఆగింది. గురువులు కొత్త పంచె పళ్లతో పట్టుకుని కొయ్య మీదే ఉండిపోయాడు. రామమ్మ చేతులు రెండూ వెనక్కి దాచుకుంది.

గోవిందరాజు నడిచి వెళ్లి బొటనవేలితో కొయ్యని రుద్దాడు. కడిగిన పళ్లెంలా కిచకిచమంది. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ వాసన అతనికి కొత్తది కాదు. రామమ్మ తల్లి కూడా బతికున్నంతకాలం అదే బజారులో అదే కత్తిపీట మీద కూర్చుంది. ఆమె పోయాక ఆ ఇంట్లో బూడిద వాసన పోలేదు, కూతురు చేతుల్లోకి మారింది, అంతే. అంతెత్తున క్రేనులో కూర్చునేవాడికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

తరవాత ఆ వేలు పంచెకి తుడుచుకున్నాడు.

“గంగమ్మ నీళ్లకి నురగ రాదేటిరా? పొద్దున్నే డాకులో ఎన్నడూ సూడలేదేటి?” అని ఆ కుర్రాణ్ణి కసిరాడు. “మోసం నేదు, గీసం నేదు. దించినాడు. నా ఒట్టు నాకుంది.”

మళ్లీ పెద్దగా గోల లేచింది. ఆ గోలలో ఎవరికీ వినపడకుండా కూతురు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ముఖం మాత్రం పక్కకి తిప్పుకున్నాడు.

“పోయి సేతులు కడుక్కోయే గుంటా” అన్నాడు. “పెళ్లికూతురి సేతులు బూడిదతో ఉంటాయేటి? అచ్చం మీ అమ్మ సేతుల్లాగున్నాయి.”

కొయ్య మీదనుంచి గురువులు, అంతెత్తునుంచి, గోవిందరాజుని మొదటిసారి కిందికి చూశాడు. పళ్లలోంచి పంచె జారిపోతున్నా లెక్కచెయ్యకుండా “మావా!” అని కేకేశాడు.

“ఏటిరా?” అన్నాడు గోవిందరాజు.